స్టెంట్ బయటికొచ్చేదాకా ఆపరేషన్ అయిపోయినట్టు కాదు: తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్యాధికారులకు, యూరాలజీ డాక్టర్లకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, కిడ్నీ రాళ్ల ఆపరేషన్లు చేస్తున్న యూరాలజీ డాక్టర్లకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు నమస్కారాలు.

మేము ఈ రెండు జిల్లాల్లో యూరాలజీ ఆపరేషన్ థియేటర్లలో పనిచేసే నర్సులం, టెక్నీషియన్లం, శిక్షణలో ఉన్న డాక్టర్లం. ఇదే విషయం మీద ఇదివరకే విన్నపాలు ఇచ్చాం. అందినట్టు ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం. ఏ ఆసుపత్రినీ, ఏ డాక్టరునూ వేలెత్తి చూపడానికి కాదు కాబట్టి ఇందులో ఎవరి పేరూ ఉండదు.

మూత్రనాళంలోకి సన్నటి స్కోపు పంపి, లేజర్‌తో రాయిని పగలగొట్టే యూరెటెరోస్కోపీ మంచి ఆపరేషన్. కోత లేదు, కుట్టు లేదు, చాలామంది మర్నాడే ఇంటికి పోతారు. చిక్కంతా ఆ ఇంటికి పోవడంతోనే మొదలవుతోంది. పోయే మనిషి ఒంట్లో స్టెంట్ అనే ఒక ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. అది ఉందని కొందరికి తెలియదు. తెలిసినవాళ్లలో కొందరికి ఎప్పుడు తీయించుకోవాలో తెలియదు. ఎవరు తీయించుకోలేదో మన ఆసుపత్రులకు తెలియదు. ఈ మూడోదే అన్నిటికన్నా పెద్ద తప్పు.

ముందు ఆపరేషన్ సంగతి, వైద్యం తెలియనివారికి కూడా అర్థమయ్యేలా చెప్తాం.

కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే మూత్రనాళం పెద్దవాళ్లలో 25 నుంచి 30 సెం.మీ. పొడవుంటుంది. వెడల్పు 3, 4 మి.మీ. అందులోనూ మూడు ఇరుకులు: కిడ్నీ దగ్గర నాళం మొదలయ్యే చోటు, తుంటి రక్తనాళాలను దాటే చోటు, మూత్రాశయంలోకి దూరే చోటు. రాయి ఎక్కువగా ఇరుక్కునేదీ, స్కోపు కష్టంగా కదిలేదీ ఇక్కడే. మామూలుగా వాడే గట్టి స్కోపు మొన 6 ఫ్రెంచ్, దాని వెనక భాగం 7.5 ఫ్రెంచ్ ఉంటుంది. మూడు ఫ్రెంచ్‌లు ఒక మి.మీ. కాబట్టి మొన 2 మి.మీ., వెనక రెండున్నర మి.మీ. అన్నమాట. అంత ఇరుకు దారిలో అంత మందం వస్తువు పోతోందని గుర్తుంటే, ఈ పనిలో తొందర ఎందుకు పనికిరాదో తెలుస్తుంది.

మత్తు ఇచ్చాక మూత్రద్వారం గుండా మూత్రాశయంలోకి వెళ్తారు. అక్కడి నుంచి నాళం నోట్లోకి 0.035 అంగుళాల గైడ్‌వైరును (దారి చూపే సన్నటి తీగను) సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో చూస్తూ కిడ్నీదాకా ఎక్కిస్తారు. స్కోపు పక్కన ఈ వైరు చివరిదాకా ఉండాలి. రక్తం కమ్మి ఏమీ కనబడకపోయినా, నాళానికి చిల్లు పడినా, ఆ వైరు మీదుగా స్టెంట్ వేసి క్షేమంగా బయటపడొచ్చు. వైరు జారిపోతే ఆ దారి మూసుకున్నట్టే. తర్వాత 200 నుంచి 365 మైక్రాన్ల లేజర్ ఫైబర్‌తో రాయిని పొడి చేస్తారు, లేదా ముక్కలు చేసి బాస్కెట్‌తో (సన్నటి తీగల బుట్టతో) బయటికి తీస్తారు. ముక్క పెద్దదిగా ఉండగానే బాస్కెట్‌లో పట్టి లాగితే నాళమే ఊడి చేతికి రావచ్చు. అరుదైన ప్రమాదమే, కానీ జరిగితే ఆ మనిషి జీవితం మారిపోతుంది. రాయి కిడ్నీలోనే ఉంటే వంగే స్కోపు కావాలి. 20 మి.మీ. దాటిన కిడ్నీ రాయికి చాలాసార్లు నడుము వైపు నుంచి చిన్న రంధ్రం పెట్టి చేసే పీసీఎన్‌ఎల్ మేలు. 5 మి.మీ. లోపు నాళపు రాయి చాలామందికి దానంతటదే పడిపోతుంది. జ్వరం, ఆగని నొప్పి, కిడ్నీ వాపు లేకపోతే డాక్టరు చూపులో నాలుగు వారాలు ఆగొచ్చు. '3 మి.మీ. రాయి' అని స్కానింగ్ రిపోర్టులో కనబడగానే ఆపరేషన్ బల్ల ఎక్కించడం సరికాదు.

పని అయ్యాక లోపల పెట్టేది డీజే స్టెంట్. పెద్దవాళ్లకు సాధారణంగా 6 ఫ్రెంచ్ మందం, 26 సెం.మీ. పొడవు. రెండు చివరలూ కొక్కెంలా వంగి, ఒకటి కిడ్నీలో, ఒకటి మూత్రాశయంలో నిలుస్తాయి. లేజర్ తర్వాత నాళం వాచినా మూత్రం ఆగకుండా ఇది కాపాడుతుంది. ఎక్కువమందికి ఒకటి రెండు వారాల్లో, మహా అయితే నాలుగు నుంచి ఆరు వారాల్లో దీని పని అయిపోతుంది. ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ మూత్రం వస్తుంది, నడిస్తే ఎర్రగా వస్తుంది, మూత్రం పోసేటప్పుడు నడుములోకి పొడిచినట్టుంటుంది. ఇవన్నీ ముందే చెప్పకపోతే రోగి 'ఆపరేషన్ సరిగా చేయలేదు' అనుకుని ఇంకో ఆసుపత్రికి పోతాడు. కొందరికి కొన్ని వారాలకు ఒళ్లు అలవాటు పడి బాధ తగ్గుతుంది. మాకు ఎక్కువ భయం వీళ్ల గురించే, ఎందుకంటే బాధ పోగానే స్టెంట్ కూడా మరుపున పడుతుంది.

మూడు నెలలు దాటిన స్టెంట్ మీద మూత్రంలోని లవణాలు గట్టిపడి కొత్త రాయిలా పేరుకుంటాయి. అసలే రాళ్లు కట్టే ఒళ్లు, అందువల్ల ఇంకా త్వరగా. గర్భిణులకు అంతకన్నా త్వరగా పేరుకుంటుంది కాబట్టి వాళ్లకు నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి మార్చాల్సి వస్తుంది. ఏడాది దాటితే ప్లాస్టిక్ పెళుసుబారి, లాగితే తునుగుతుంది. సమయానికి వచ్చి ఉంటే తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ జెల్లీ పూసి పది నిమిషాల్లో తీసేసేది, ఇప్పుడు మూత్రాశయంలో ఒక ఆపరేషన్, నాళంలో ఒకటి, కిడ్నీలో ఒకటి అయి కూర్చుంటుంది. ఈలోపు కిడ్నీ పాడైపోతే దాన్నే తీసేయాలి. రాయి కోసం వచ్చిన మనిషి కిడ్నీ పోగొట్టుకుని వెళ్లడం మన వైద్యానికే తలవంపు.

ఈ రోగులెవరో ఒకసారి తలచుకోండి. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల మీద నిలబడి పనిచేసేవాళ్లు, ఇటుక బట్టీల్లో, క్వారీల్లో ఎండకు మాడేవాళ్లు, శ్రీసిటీ కంపెనీల్లో షిఫ్టు మధ్య నీళ్లు తాగడానికి కూడా తీరిక లేనివాళ్లు. ఒక పూట ఆసుపత్రికి వస్తే ఆ రోజు కూలి పోతుంది. చిత్తూరు, పలమనేరు వాళ్లు చాలామంది వేలూరులో ఆపరేషన్ చేయించుకుంటారు, కుప్పం వాళ్లు కోలారు, బెంగళూరు పోతారు. స్టెంట్‌తో ఊరికొచ్చాక మళ్లీ సరిహద్దు దాటి పోవడం వాయిదా పడుతూ వస్తుంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది. రోగి దారి మాత్రం పాతదే.

అందుకని మేము కోరేవి ఇవి.

1. ప్రతి ఆసుపత్రిలో స్టెంట్ రిజిస్టరు ఉండాలి. పేరు, రెండు ఫోన్ నంబర్లు (ఒకటి ఇంట్లో వేరేవాళ్లది), ఊరు, సచివాలయం, కుడా ఎడమా, వేసిన తేదీ, సైజు, తీయాల్సిన తేదీ, తీసిన తేదీ. ఈ చివరి గడి ఖాళీగా ఉన్నవారి జాబితాను ప్రతి సోమవారం ఒకరు చూసి ఫోన్ చేయాలి. ఎవరు చూడాలో పేరుపెట్టి చెప్పాలి, లేకపోతే ఎవరూ చూడరు. రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే ఆ సచివాలయం ఏఎన్‌ఎంకు, ఆశా కార్యకర్తకు కబురు పోవాలి. బాలింతను వెతికి పట్టుకునే వ్యవస్థ మనకుంది, స్టెంట్ ఉన్న మనిషిని వెతకడం అంతకన్నా కష్టమేమీ కాదు. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరుతో ముడిపెడితే ఒక ఆసుపత్రిలో వేసిన స్టెంట్ ఇంకో ఆసుపత్రి కంటికి కనబడుతుంది. పక్క రాష్ట్రాల్లో వేయించుకుని వచ్చినవారిని కూడా ఇంటింటి సర్వేలో ఈ మూడు ప్రశ్నలు అడగాలి: 'కిడ్నీ రాయికి ఆపరేషన్ అయిందా? లోపల పైపు ఉందన్నారా? తీశారా?'

2. స్టెంట్ తీయించుకోవడానికి తిరుపతిదాకా రానక్కర్లేకుండా చేయండి. దీనికి కావలసింది మూత్రాశయంలోకి చూసే ఒక సిస్టోస్కోపు, పట్టుకునే ఫోర్‌సెప్స్, వెలుతురు, సెలైన్, జెల్లీ, చేయి తిరిగిన ఒక డాక్టరు. చిత్తూరు జిల్లా ఆసుపత్రిలో, శ్రీకాళహస్తి, పలమనేరు, కుప్పం లాంటి చోట్ల వారానికి ఒక రోజు ఖాయం చేసి, యూరాలజిస్టును ఆ రోజు అక్కడికి పంపినా చాలు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ అయినవారికి, స్టెంట్ తీయడానికి మళ్లీ డబ్బు కట్టాలో అక్కర్లేదో డిశ్చార్జి కాయితం మీదే తెలుగులో రాయాలి. ఎంత అడుగుతారో అన్న భయంతోనే ఆగిపోయేవాళ్లున్నారు.

3. అక్కర్లేని చోట స్టెంట్ వేయకండి. చిన్న రాయి, పూర్తిగా తీసేశారు, నాళానికి గీత కూడా పడలేదు, ఇరుకు లేదు, రెండో కిడ్నీ బాగుంది: ఇలాంటి వారికి స్టెంట్ లేకుండానే పంపొచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒప్పుకుంటున్నాయి. అలవాటుగా అందరికీ వేయడం వల్లే రిజిస్టరు బరువెక్కేది.

4. పిల్లల విషయంలో పెద్దవాళ్ల సామానుతో సర్దుకోవడం ఆపాలి. అన్నిటికన్నా గట్టిగా అడుగుతున్నది ఇదే.

చిన్నపిల్లలు 'నడుము నొప్పి' అని చెప్పరు. కడుపు పట్టుకుంటారు, వాంతి చేసుకుంటారు, మూత్రం ఎర్రగా వస్తుంది, లేదా మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. వాళ్లకు మొదట అల్ట్రాసౌండే చేయాలి. సీటీ తప్పనిసరైతే తక్కువ రేడియేషన్‌తో చేయాలి. చాలామంది పిల్లల కిడ్నీ రాళ్లకు బయటి నుంచి అలలతో పగలగొట్టే ఈఎస్‌డబ్ల్యూఎల్ మొదటి ఎంపికగా పనికొస్తుంది. పిల్లల నాళం రాతి ముక్కలను పెద్దవాళ్లకన్నా సులువుగా జారవిడుస్తుంది.

స్కోపు తప్పదనుకుంటే 4.5 / 6.5 ఫ్రెంచ్ పిల్లల స్కోపు ఉండాలి. అది లేని థియేటర్‌లో పెద్ద స్కోపును బలవంతాన తోయకూడదు. నాళం దారి ఇవ్వకపోతే సన్నటి స్టెంట్ వేసి, వారం రెండు వారాలు ఆగితే నాళం మెల్లగా విప్పారుతుంది, అప్పుడు వెళ్లొచ్చు. పిల్లల స్టెంట్ పొడవుకు ఒక తేలిక లెక్క ఉంది: వయసుకు పది కలిపితే సెంటీమీటర్లు వస్తాయి. ఆరేళ్ల బిడ్డకు 16 సెం.మీ. ఆ సైజు బీరువాలో లేదని 26 సెం.మీ.ది వేస్తే మిగిలిందంతా మూత్రాశయంలో చుట్టుకుని బిడ్డను పగలూ రాత్రీ ఏడిపిస్తుంది. 3 నుంచి 4.5 ఫ్రెంచ్ మందంలో, 12 నుంచి 20 సెం.మీ. పొడవులో సైజుకు రెండేసి ఎప్పుడూ నిల్వ ఉండాలి.

సెలైన్ ఒంటి వేడికి సమానంగా వెచ్చగా ఉండాలి. చల్లటి సెలైన్ లీటర్లకొద్దీ పోతే చిన్నబిడ్డ ఒళ్లు చల్లబడిపోతుంది. ఎంత పోసిందీ, ఎంత బయటికొచ్చిందీ లెక్కపెట్టాలి. సీ-ఆర్మ్ పెడల్ మీద కాలు పెట్టి ఉంచేయకుండా ఒక్కో క్షణం నొక్కి వదలాలి.

పెద్దవాళ్లకు జెల్లీతో అయ్యే స్టెంట్ తీత, బిడ్డకు మాత్రం రెండోసారి పూర్తి మత్తు. వీలైనచోట స్టెంట్‌కు దారం ఉంచి, దాన్ని ఒంటికి టేపుతో అంటిస్తే, కొద్దిరోజుల్లో మత్తు లేకుండానే లాగేయొచ్చు. బిడ్డ ముందే లాగేసుకునే ప్రమాదం ఉంది కాబట్టి తల్లికి కూర్చోబెట్టి చెప్పాలి. ఇవన్నీ పెద్ద ఖర్చుతో వచ్చేవి కావు. ఒక పిల్లల స్కోపు, కొన్ని స్టెంట్లు, సెలైన్ వెచ్చబెట్టే పెట్టె. రెండు జిల్లాలకూ కలిపి తిరుపతిలో ఒక్కచోట ఈ సామాను, పిల్లల మత్తు డాక్టరు ఎప్పుడూ ఉండేలా చూసి, ఎక్కడికి పంపాలో మిగతా ఆసుపత్రులన్నిటికీ తెలియజేయండి.

5. రాయికి తోడు చలిజ్వరం వస్తే అది ఆ రాత్రే చూడాల్సిన అత్యవసరం. అడ్డుపడిన నాళం వెనక చీము చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు రాయి జోలికి పోకూడదు. స్టెంట్ వేసి గానీ, నడుము నుంచి కిడ్నీలోకి గొట్టం వేసి గానీ మూత్రం దించాలి. రాయి సంగతి ఇన్‌ఫెక్షన్ తగ్గాక చూడాలి. ఈ పని 24 గంటలూ ఎక్కడ జరుగుతుందో 108 సిబ్బందికి రాసి ఇవ్వండి. మామూలు ఆపరేషన్‌కు ముందు కూడా మూత్రం కల్చర్ రిపోర్టు చేతిలో లేకుండా బల్ల ఎక్కించొద్దు. క్రిములు ఉంటే ముందు సరైన మందు పడాలి. స్కోపు పెట్టగానే చీములాంటి మూత్రం కనబడితే అక్కడితో ఆపి స్టెంట్ వేసి రావాలి. లోపల ఏమీ కనబడటం లేదని సెలైన్‌ను సిరంజితో గట్టిగా తోస్తే ఆ ఒత్తిడికి క్రిములు నేరుగా రక్తంలోకి ఎక్కుతాయి. వీలైనంతవరకు గంటన్నర లోపు ముగించాలి.

6. మధ్యలో ఆగిన డాక్టరును తప్పు పట్టే పద్ధతి పోవాలి. నాళం ఇరుకుగా ఉంటే స్టెంట్ వేసి వెనక్కి రావడం సరైన నిర్ణయం. బంధువులు 'ఫెయిలయింది' అంటారని, ప్యాకేజీ డబ్బు రాదని తోసుకుపోతేనే నాళం చిరుగుతుంది. ఆపరేషన్‌కు ముందు సంతకం తీసుకునేటప్పుడే 'రెండు దఫాలు కావచ్చు' అని నోటితో చెప్పాలి, కాయితం మీదా రాయాలి. రెండో దఫా భారం రోగి మీద పడకూడదు.

7. ఒకసారికే వాడాలని తయారీదారు ముద్ర వేసిన వస్తువును ఎవరికి ఎన్నోసారి వాడుతున్నారో రాయకుండా వాడటం ఆపాలి. మళ్లీ వాడే వంగే స్కోపుకు ప్రతి కేసు తర్వాతా లీకు పరీక్ష చేయాలి, లోపలి కాలువను బ్రష్షుతో కడగాలి, మందులో నానబెట్టాక స్టెరైల్ నీళ్లతో బాగా కడగాలి. రోజుకు వరుసగా కేసులు పెట్టి, మధ్యలో స్కోపు కడగడానికి సమయం ఇవ్వకపోతే మా చేతుల్లో ఏమీ ఉండదు.

8. తీసిన రాయిని ట్రేలో పారేయకండి. పొడి సీసాలో, ఫార్మలిన్ పోయకుండా, పరీక్షకు పంపండి. రాయి ఏ రకమో తెలిస్తే తర్వాతి మందు, తిండి తెలుస్తాయి. పిల్లలకు రాయి పరీక్షతో పాటు రక్తం, 24 గంటల మూత్రం పరీక్షలు తప్పకుండా చేయాలి. సిస్టినూరియా, ప్రైమరీ హైపర్‌ఆక్సలూరియా లాంటి పుట్టుకతో వచ్చే లోపాలు అలాగే బయటపడతాయి. వాటిని వదిలేస్తే బిడ్డ మళ్లీ మళ్లీ బల్ల ఎక్కాల్సి వస్తుంది.

9. స్టెంట్ తీసిన నాలుగు నుంచి ఆరు వారాలకు ఒక అల్ట్రాసౌండ్. నాళం మచ్చకట్టి ఇరుకైతే కొందరికి నొప్పే ఉండదు. కిడ్నీ చప్పుడు లేకుండా వాచి పాడవుతుంది. ఈ ఒక్క స్కానింగ్‌తో తెలిసిపోతుంది.

ప్రజలకు ఒక మాట. ఉలవచారు, కొండపిండాకు, అరటి దవ్వ రసం తాగేవాళ్లను మేము ఎగతాళి చేయం. చిన్న రాయి ఎటూ పడిపోయేదే. కానీ జ్వరం ఉన్నా, మూత్రం ఆగిపోయినా, ఉన్నది ఒక్కటే కిడ్నీ అయినా కషాయంతో కాలయాపన చేయొద్దు. మన ఎండకు రోజూ రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీళ్లు తాగాలి. ఉప్పు తగ్గించాలి, పాలు మానక్కర్లేదు. బడిలో మరుగుదొడ్డి బాగాలేదని నీళ్లు తాగకుండా ఉండే ఆడపిల్లల సంగతి ప్రధానోపాధ్యాయులు పట్టించుకోవాలి.

మొదటి రెండు కోరికలకు కొత్త భవనమూ వద్దు, పెద్ద యంత్రమూ వద్దు. ఈ నెలలోనే మొదలుపెట్టొచ్చు. డిశ్చార్జి రోజు రోగి చేతికి ఇవ్వాల్సిన కార్డు నమూనా కింద ఇస్తున్నాం. సరిహద్దు మండలాల్లో చదువుకునేవారి కోసం దీన్నే తమిళంలో, కన్నడంలో కూడా అచ్చు వేయించాలి. పెద్ద అక్షరాలు ఉండాలి, తేదీ చేత్తో రాయాలి.

'మీ కుడి / ఎడమ మూత్రనాళంలో ఒక ప్లాస్టిక్ స్టెంట్ ఉంది. వేసిన తేదీ: ........ తీయించుకోవాల్సిన తేదీ: ........ మూడు నెలలు దాటితే కిడ్నీ పోవచ్చు. బాధ లేకపోయినా తీయించుకోవాలి. మూత్రం కొంచెం ఎర్రగా రావడం, మాటిమాటికీ రావడం మామూలే. చలిజ్వరం వచ్చినా, గడ్డలుగా రక్తం పడినా, మూత్రం ఆగినా వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి: ........ తీసేచోటు: ........ ఖర్చు: ఉంది / లేదు. తీసిన తేదీ, తీసినవారి సంతకం: ........'

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల యూరాలజీ ఆపరేషన్ థియేటర్ల నర్సులు, టెక్నీషియన్లు, శిక్షణలో ఉన్న డాక్టర్లు